నేను పారించిన ఊట

అరబ్బు దేశంలో, ఎర్ర సముద్రం ఒడ్డున యాన్బులో పనిచేసిన ఆరేళ్లలో మొదటి నాలుగేళ్లు నేను సముద్రాన్ని బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. క్యాంపు నుంచి ప్లాంటుకు వెళ్లే దారిలో, గొట్టాల వరసల సందుల్లోంచి నీలంగా ఒక గీత కనిపించేది. ఆ గీత కనిపించే సరికి నాకు కునుకు పట్టేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు అదే గీత రెండో పక్క కిటికీలోకి వచ్చేది. అప్పటికి నేను గురక పెడుతూ ఉండేవాణ్ణని పక్క సీట్లో కూర్చునే మలయాళీ చెప్పేవాడు.

నేను పుట్టింది కాకినాడ దగ్గర. సముద్రంలో చూడ్డానికి ఏముంటుందిలే అనే పొగరు నాకు పుట్టుకతో వచ్చింది. ఉప్పునీళ్లు, ఇసుక, ఎండుచేపల వాసన. దానికోసం శుక్రవారం నిద్ర ఎవరైనా పాడుచేసుకుంటారా? ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్ ఉద్యోగం నాది. ఆరు రోజులు ఎండలో, గ్యాసు వాసనలో, గేజీల ముందు నిలబడ్డవాడికి ఏడో రోజు ఏసీ కింద ముసుగుతన్ని పడుకోవడమే స్వర్గం. పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నాకు పరాయి దేశం పెరడు కూడా పనికిరాలేదు.

పక్క గదిలో ఉండే భాయ్ ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. ఆయనది కడప. మా కంపెనీ బస్సు తోలేవాడు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ఆ దేశంలోనూ నాకంటే పదిహేనేళ్లు పాత. శుక్రవారం తెల్లారకముందే లేచి గాలపు తాడూ, నీళ్లలోకి చూసే అద్దాల మాస్కూ పట్టుకుని, తెలిసినవాళ్ల పికప్‌లో బయల్దేరేవాడు. నమాజు వేళకి తిరిగొచ్చి, మధ్యాహ్నం నేను ఆవలిస్తూ టీ పెట్టుకునేటప్పుడు, తాను చూసిందంతా వద్దన్నా చెప్పేవాడు.

"ఏం సార్, ఎప్పుడు జూసినా పండుకోనే ఉంటావు. ఇంత దూరం వచ్చినావు, దేవుడు చేసిందాన్ని ఒకసారి చూడాల్నా వద్దా? రేపు ఊరికి పోయినాక ఏం చెప్తావు, గోడ బాగుండాది అని చెప్తావా?"

"గోడ నిజంగానే బాగుంది భాయ్" అనేవాణ్ణి.

ఇక నా భార్య సంగతి చెప్పాలి. తను మా ఊరి హైస్కూల్లో సోషల్ టీచరు. భూగోళం చెప్పడమంటే ప్రాణం. మడ అడవుల పాఠం వస్తే పిల్లలకి పులిహోర పొట్లాలు కట్టించి కోరంగి తీసుకెళ్లేది. పాఠం వింటున్న పిల్లవాడు లేచి ఏదైనా అడిగితే, తనకి తెలియకపోతే తెలియదనేది. రేపు చూసి చెప్తాననేది. మర్నాడు గుర్తుపెట్టుకుని మరీ చెప్పేది. తోటి టీచర్లు నవ్వేవాళ్లు, ఏదో ఒకటి చెప్పేస్తే పోదా అని. తను ఒప్పుకునేది కాదు. ఆ స్కూల్లో "టీచర్ చెప్పింది" అంటే పిల్లల మధ్య తగువు అక్కడితో తెగిపోయేది. తను పదేళ్లుగా కూడబెట్టుకున్న ఆస్తి అదొక్కటే. దాని మీదే నేను చెయ్యి వేశాను.

ప్రతి శుక్రవారం సాయంత్రం కార్డు గీకి ఫోను చేసేవాణ్ణి. ఇవాళేం చేశారని తను అడిగేది. పడుకున్నానని చెప్పేవాణ్ణి. ఒక శుక్రవారం తను మామూలు కబుర్లయ్యాక, కొంచెం మొహమాటంగా అడిగింది.

"ఏవండీ, ఎర్ర సముద్రం ఒడ్డున పగడపు దిబ్బలుంటాయని పాఠంలో ఉందండి. మీరు అక్కడే ఉన్నారు కదా, చూసే ఉంటారు. ఎలా ఉంటాయండి?"

అప్పుడు నాలుక మీదకి వచ్చిన సరైన మాట "చూడలేదు". ఆ మాట అనడానికి సిగ్గేసింది. నాలుగేళ్లుగా సముద్రానికి కూతవేటు దూరంలో ముసుగుతన్ని పడుకున్నానని, దాన్నే పాఠంగా చెప్పుకు బతికే మనిషితో ఎలా అంటాను? "చూశాను, బ్రహ్మాండంగా ఉంటాయి" అన్నాను. భాయ్ ఆ వారమే చెప్పిన చేపల కబుర్లు నావిగా చేసి చెప్పాను. భాయ్ పగడాల రంగు చెప్పలేదు. ఉంగరంలో పొదిగే పగడం గుర్తొచ్చి, ఎర్రగా నిప్పుల్లా ఉంటాయని నేనే రంగు వేశాను.

అవతల చప్పుడు లేదు. లైను తెగిందేమో అనుకున్నాను. తెగలేదు, తను రాసుకుంటోంది.

మరుసటి వారం తన గొంతులో నేను ఎప్పుడూ వినని హుషారు. పిల్లలు చప్పట్లు కొట్టారట. "మా ఇంటాయన కళ్లారా చూసి చెప్పారు" అని మొదలుపెట్టిందట. ఇంకా ఏం చూశారో అడగమని ప్రాణం తీస్తున్నారట. పెళ్లయిన పన్నెండేళ్లలో నన్ను చూసి తను గర్వపడటం అదే మొదలేమో. ఆ రుచి నాకు బాగా తలకెక్కింది.

ఇక అక్కణ్ణుంచి భాయ్‌కి టీ పెట్టి మరీ కబుర్లు చెప్పించుకునేవాణ్ణి. పాపం ఆయన, సార్‌కి బుద్ధొచ్చిందని సంబరపడిపోయాడు. ఉప్పునీళ్లలో పెరిగే మడ చెట్లు, వాటి మధ్య ఒంటికాలి మీద నిలబడే కొంగలు, సాయంత్రం పూట వంకాయ రంగుకి తిరిగే రద్వా కొండలు, అన్నీ ఆయన చూశాడు, నేను చెప్పాను. చూసినవాడికన్నా చూడనివాడు బాగా చెప్తాడు. వాడికి అడ్డమేముంది?

ఒక వారం భాయ్‌కి జ్వరం వచ్చి ఎటూ వెళ్లలేదు. నాకు సరుకు లేదు. ఆయన ఎప్పుడో చెప్పిన ముక్క ఒకటి గుర్తొచ్చింది. సముద్రం వదిలి లోపలికి పోతే యాన్బు అల్ నఖ్ల్ అని ఖర్జూర తోటల పల్లె ఉందట. ఒకప్పుడు అక్కడ ఊటలు పారేవట, ఎన్నో ఏళ్ల కిందటే ఎండిపోయాయట. ఎండిపోయిన ఊట కథ పిల్లలకేం బాగుంటుంది? నేను దాన్ని పారించాను. ఖర్జూర చెట్ల మొదళ్లలోంచి గలగలమంటూ వస్తుందన్నాను. నేను అందులో కాళ్లు పెట్టి కూర్చున్నానన్నాను. నీళ్లు మన కొబ్బరినీళ్లంత చల్లగా ఉన్నాయని కూడా అన్నాను. అబద్ధం ఆడినా అతికినట్టుండాలని మా నాన్న అనేవాడు. చక్కగా అతికింది.

పిల్లలు దాన్ని పెద్ద చార్టు మీద గీశారు. ఎర్రటి పగడాలు, పచ్చటి ఖర్జూర తోట, మధ్యలో నీలం సిరాతో ఊట, అందులో కాళ్లు పెట్టుకుని మీసాలతో నేను. తరగతి గోడకి వేలాడదీశామని తను ఫోనులో చెప్పినప్పుడు నేను నవ్వాను. నిజంగా నవ్వొచ్చింది. నా బతుక్కి నా బొమ్మ బడిలో పెట్టారని.

దొంగ దొరికే రోజు ఒకటి రాకుండా పోతుందా! ఆ ఏడాది నాకు ఫ్యామిలీ విజిట్ వీసా దొరికింది. వేసవి సెలవులకి తను వచ్చింది. రెండు నెలలకని ఊళ్లో చిన్న ఫ్లాటు తీసుకున్నాను. వచ్చిన రోజే పెట్టెలోంచి ఆవకాయ సీసా కంటే ముందు కాగితాల కట్ట తీసింది. నలభై మంది పిల్లలు తలా ఒక ప్రశ్న రాసిచ్చారట. ఊట దగ్గర కప్పలుంటాయా? నీళ్లు ఎండాకాలంలో తగ్గుతాయా? పగడాలని ముట్టుకుంటే కుడతాయా? ప్రతి ప్రశ్న కింద జవాబుకి నాలుగు గీతలు గీసి ఖాళీ వదిలారు.

ఎండలనీ, ఓవర్‌టైమనీ, కారు దొరకలేదనీ మూడు శుక్రవారాలు తప్పించాను. నాలుగోసారి తనే భాయ్‌ని పట్టుకుంది. ఆయన భోజనానికి వచ్చినప్పుడు, "అన్నయ్యగారూ, ఈయనకి తీరటం లేదండి, మీరైనా ఆ ఖర్జూర తోటలకి తీసుకెళ్తారా?" అంది. ఆయన ఒప్పుకున్నాడు. ఆయన్ని మెట్ల దగ్గరికి సాగనంపుతూ నా గుట్టంతా చెప్పి, నేను ఇదివరకు వచ్చినట్టు ఒక్క మాట అనమని బతిమాలాను.

భాయ్ దిగుతున్న మెట్టు మీదే ఆగాడు. "నేను చెప్పిండేవన్నీ నీవని చెప్పుకున్యావా సార్? ఆయమ్మ పిల్లోళ్లకి చెప్పిందా అవన్నీ?" అన్నాడు. తర్వాత, "ఆయమ్మ అడక్కపోతే నేను చెప్పను. అడిగితే మటుకు అబద్ధం చెప్పను. నువ్వే చెప్పుకో, దావలోనే చెప్పేయి" అన్నాడు.

ఆ శుక్రవారం దారిలో చెప్పడానికి గంట సేపు టైము దొరికింది. ముందు సీట్లో తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. చెక్‌పోస్టు దగ్గర పోలీసు నా నివాస కార్డు ఇఖామా, తన పాస్‌పోర్టు చూసి వదిలేశాడు. కొండలు దగ్గరికొచ్చాయి. వెనక సీట్లోంచి తను, "అదేనా అండీ వంకాయ రంగు కొండ?" అంటూ చంటిపిల్లలా అడుగుతోంది. ఊఁ అంటున్నాను. ఆ ఊఁలన్నీ లెక్కేసుకుంటే నేను ఆరోజు చెప్పిన అబద్ధాలు ఇంకా ఎక్కువే.

తోటలున్నాయి. ఖర్జూరాలు పచ్చికాయల మీదున్నాయి, దుమ్ము కొట్టుకుని. సగం చెట్లకి తలలు లేవు. మొండాలు నిలబడి ఉన్నాయి. తను చీర మీద వేసుకున్న నల్లటి అబాయా అంచు ఎత్తిపట్టుకుని, కాగితాల కట్ట చంకలో పెట్టుకుని చరచరా ముందు నడుస్తోంది. "ఎటండీ?" అంటే "అటే" అన్నాను. మట్టిగోడలు దాటి ఆ 'అటు' వెళ్తే, రాతిమెట్లు దిగే గుంట ఒకటి కనిపించింది. అడుగున పెచ్చులు లేచిన మట్టి, ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా.

"ఇది కాదేమోనండి. మీరు కూర్చున్న చోటు ఎక్కడ?"

నేను అటూ ఇటూ చూస్తున్నాను. గట్టు మీద గాడిదకి గడ్డి వేస్తున్న ముసలాయన ఒకాయన మమ్మల్ని చూసి దగ్గరికొచ్చాడు. భాయ్ సలాం చేసి అరబ్బీలో మాట్లాడాడు. ముసలాయన తన తెల్లగడ్డం పట్టుకుని ఏదో చెప్పి, గుంట వైపు చెయ్యి విదిలించాడు.

"ఏమంటున్నారు అన్నయ్యగారూ?"

భాయ్ నన్ను చూశాడు. నేను తల దించుకున్నాను. "ఈయప్ప గడ్డం నల్లగా ఉండేటప్పుడు పారేదంటమ్మా. ఇప్పుడు యాడా లేదంట. బోరు నీళ్లే పెడతాండారంట."

"అదెలా? పోయిన చలికాలం ఈయన ఇందులో కాళ్లు పెట్టుకుని కూర్చున్నారండి. చల్లగా ఉన్నాయని చెప్పారు. అడగండి ఆయన్ని, ఇంకో ఊట ఉందేమో."

భాయ్ ముసలాయన్ని ఏమీ అడగలేదు. కారులో నీళ్ల సీసా తెస్తానని వెళ్లిపోయాడు. తను నా వైపు తిరిగింది. అప్పటికి అర్థమయిపోయింది తనకి. అయినా ఒక్కొక్కటే అడిగింది.

"పగడాలు చూశారా?"

"లేదు."

"మడ చెట్లు?"

"లేదు. అన్నీ భాయ్ చూశాడు."

"మరి ఈ ఊట?"

"అది ఎవరూ చూడలేదు."

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందనుకున్నాను. ఆ రెండింటికీ నేను సిద్ధంగానే ఉన్నాను. తను కాగితాల కట్ట వైపు చూస్తూ చాలా మెల్లగా అంది: "మీరు నాకు అబద్ధం చెప్పారు, సరేనండి. మొగుడూ పెళ్లాల మధ్య ఎన్నో ఉంటాయి. దాన్ని నాచేత ఆ పిల్లలకి ఎందుకు చెప్పించారు?"

ఇప్పుడు నాకు అరవై దాటాయి, మోకాళ్లు అరిగాయి. చేసిన పనుల్లో తిరిగి దిద్దుకోడానికి ఒక్కటే అవకాశం ఇస్తానంటే ఆ మొదటి శుక్రవారం ఫోను దగ్గరికి వెళ్తాను. "చూడలేదు, వచ్చే వారం చూసి చెప్తాను" అంటాను. తను రోజూ తరగతిలో అలవోకగా అనే మాట అది.

ఆ తర్వాతి వారాల్లో ఇంట్లో అన్నీ మామూలుగానే జరిగాయి. వండింది, వడ్డించింది, ఊరి కబుర్లు చెప్పింది. ఒక రాత్రి భోజనాల దగ్గర నేనే ఎత్తాను.

"పిల్లలకి ఏం చెప్తావు?"

"బడి తెరిచిన రోజే చెప్తానండి, నేను చెప్పింది తప్పని."

"నా పేరు చెప్పు. మా ఆయన అబద్ధం చెప్పాడని చెప్పు."

"మీ పేరెందుకు? వాళ్లకి చెప్పింది నేను కదా" అని పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

ఊరెళ్లి బడి తెరిచాక అన్న ప్రకారమే చేసింది. ఆ చార్టు తనే కుర్చీ ఎక్కి దించిందని తర్వాత తోటి టీచరు ఒకావిడ వల్ల తెలిసింది. పిల్లలు వద్దన్నారట, బాగుంది ఉండనివ్వండి టీచర్ అన్నారట. బాగున్నా తప్పు తప్పేనని చెప్పిందట. ఆ ఏడు నుంచి పిల్లలు మధ్య మధ్యలో లేచి, "ఇది పుస్తకంలో ఉందా టీచర్?" అని అడగటం మొదలుపెట్టారట. ఆ టీచరు దాన్ని నవ్వుతాలుగానే చెప్పింది. నేను ఆ నవ్వులో కలవలేకపోయాను.

అదంతా తర్వాతి మాట. తను ఇంకా యాన్బులో ఉండగా, తిరిగి వెళ్లేలోపు ఒక్క శుక్రవారం మిగిలింది. ఈసారి నేనే క్యాంపుకెళ్లి భాయ్ తలుపు తట్టాను, తెల్లారకముందే. ఫ్లాటుకి తిరిగొచ్చి తననీ రమ్మన్నాను. ఎందుకులెండి అంది. "నువ్వు ఒడ్డున కూర్చో. నేను దిగి చూస్తాను" అన్నాను. ఏమనుకుందో, అబాయా వేసుకుంది.

భాయ్ మమ్మల్ని ఊరికి ఉత్తరాన, జనం లేని ఒడ్డుకి తీసుకెళ్లాడు. తనకి కారు నీడలో చాప పరిచాడు. నాకు తన మాస్కు ఇచ్చి, చెప్పులు విప్పొద్దన్నాడు. మోకాలి లోతు నీళ్లలో రాళ్ల మీద తడబడుతూ నడిచాను. నడవగా నడవగా ఒకచోట నేల ఆగిపోయింది. అక్కడి నుంచి నీళ్లు ముదురు నీలం. మొహం నీళ్లలో పెట్టి చూశాను.

చెబితే అతిగా ఉంటుంది గాని, నాకు ఏడుపొచ్చింది. మాస్కులో ఏడిస్తే అద్దం మసకబారుతుందని అప్పుడే తెలిసింది. గోడలా నిలువుగా దిగిపోతోంది ఆ దిబ్బ. ఎర్రగా లేనే లేదు. వేయించిన జీడిపప్పు రంగు, ఆవపిండి రంగు, అక్కడక్కడ లేత ఊదా. జింక కొమ్ముల్లా కొన్ని, కాలీఫ్లవరు పువ్వుల్లా కొన్ని. పసుపు చేపలు గుంపులుగా నా మొహం దాకా వచ్చి పక్కకి తప్పుకుంటున్నాయి. ఒక పెద్ద పచ్చచేప పళ్లతో రాయిని కొరుకుతోంది. చెవుల నిండా మరమరాలు నమిలినట్టు చిటపటలు. ఇదంతా నా నిద్రకి అంత దగ్గరలో నాలుగేళ్లూ ఉంది. నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను.

ఎంతసేపున్నానో తెలియదు. భాయ్ ఈల వేస్తే ఒడ్డుకొచ్చాను. మోకాలు గీసుకుపోయి రక్తం కారుతోంది. తన ముందు ఇసుకలో కూలబడి, ఊపిరి అందకుండానే చెప్పాను. రంగులు చెప్పాను, చిటపటలు చెప్పాను, ఎర్రగా ఉండవని చెప్పాను. నా జన్మలో అంత జాగ్రత్తగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క వదల్లేదు. పచ్చచేప రాయిని రెండుసార్లు కొరికిందో మూడుసార్లో అనుమానం వస్తే, ఆగి, రెండే అన్నాను.

తను అంతా విన్నది. అబాయా లోంచి చీరచెంగు లాగి నా మోకాలి రక్తం ఒత్తింది. కాగితాల కట్ట ఒడిలోనే ఉంది, చేతిలో పెన్ను ఉంది. నేను చెప్పడం అయిపోయాక, తను తల తిప్పి గాలపు తాడు చుట్టుకుంటున్న భాయ్‌ని పిలిచింది.

"అన్నయ్యగారూ, లోపల ఈయన చెప్పినట్టే ఉంటుందా అండి?"

భాయ్ చేతిలో తాడు ఆగింది. నా వైపు చూడకుండా చెప్పాడు. "అట్లే ఉంటాదమ్మా. సార్ చెప్పింది నిజమే."

అప్పుడు తను మొదటి కాగితం తీసి, ప్రశ్న కింది గీతల మీద రాయడం మొదలుపెట్టింది.